కోడి కుంటుతోంది: హోమ్ థియేటర్ పీసీకి ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?

హిందూపురం_బస్సు (శనివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. నేనుండేది బెంగళూరు, రామమూర్తి నగర్. ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే సన్నటి డెస్క్‌టాప్ డబ్బా ఒకటి చవగ్గా తెచ్చుకున్నాను. ఐ5-6500, 8 జీబీ ర్యామ్, 180 వాట్ల పవర్ సప్లై. సగం ఎత్తు కార్డు తప్ప ఇంకేదీ పట్టదు. ఉబుంటు లైనక్స్ వేసి, దాని మీద కోడి (సినిమాలు, టీవీ చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టాను. టీవీ 55 అంగుళాల 4కే. దాని కింద సౌండ్‌బార్.

మిద్దె మీద చిన్న డిష్ బిగించి, యూఎస్‌బీ శాటిలైట్ ట్యూనర్‌తో (డీవీబీ-ఎస్2) డీడీ ఫ్రీ డిష్ పట్టి, టీవీహెడ్‌ఎండ్ అనే ప్రోగ్రామ్ ద్వారా కోడిలోకి తెచ్చాను. సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి, నాన్నకు అవి చాలు. ఊర్లో అటక మీద సంచెడు పాత జానపద సినిమాల వీసీడీలుంటే అవి కూడా హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. ఇవి కాక, మొన్న వైశాఖంలో జరిగిన చెల్లెలి పెళ్ళి వీడియో ఉంది, 4కేలో.

రెండు బాధలు. పెళ్ళి వీడియో పెడితే బొమ్మ ఆగి ఆగి పోతుంది, డబ్బా లోపలి ఫ్యాన్ రైస్ మిల్లులా అరుస్తుంది. రెండోది, వార్తల్లో కింద వచ్చే స్క్రోలింగ్ కుదుపులు కుదుపులుగా పోతుంది. రెండు నిమిషాలు చదివితే కళ్ళు లాగుతాయి. నాన్న అయితే "కోడి అంటే కూయల్ల గానీ, ఇట్లా కుంటుతాదేమిరా?" అంటున్నాడు.

బడ్జెట్ 10,000. ఎన్విడియా జీటీ 1030, ఏఎండీ ఆర్ఎక్స్ 6400, ఇంటెల్ ఆర్క్ ఏ310, ఈ మూడు కార్డుల మధ్య తిరుగుతున్నాను. సోమవారం లీవు పెట్టి, కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకు పోతాను. ఏది తేవాలి?

ఓపెన్_ఓరుగల్లు (శనివారం, రాత్రి 10:58)

ఆర్ఎక్స్ 6400. ఇంకేం ఆలోచించకు తమ్మీ. ఏఎండీ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటది, కార్డు గుచ్చినవా, బూట్ చేసినవా, అయిపాయె.

జీటీ 1030 జోలికి పోకు. అది 2017 నాటి పాస్కల్ చిప్. ఎన్విడియా 580 సిరీస్ డ్రైవరే పాస్కల్‌కు ఆఖరిది. 2022లో వాళ్ళు సోర్స్ బయట పెట్టిన కెర్నల్ మాడ్యూల్ కూడా ట్యూరింగ్, ఆ తర్వాతి చిప్‌లకే పనిచేస్తది. పోనీ బయటోళ్ళు రాసిన ఓపెన్ సోర్స్ నౌవో డ్రైవర్ వేసుకుందామా అంటే పాస్కల్‌లో వీడియో డీకోడింగే (ఫైలు చదివి బొమ్మ చేసుడు) రాదు. ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టుకుని మూసిన డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమేంది?

ఆవకాయ_64బిట్ (శనివారం, రాత్రి 11:15)

ఓరుగల్లు గారూ, 1030 విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ 6400 గురించి సగమే చెప్పారండీ. అందులో ఏవీ1 అనే కొత్త రకం వీడియోకు డీకోడింగ్ లేదు. వీడియో ఎన్‌కోడింగ్ (కొత్తగా రాయడం) అసలే లేదు. 2022లో వచ్చిన కార్డులో ఏవీ1 తీసేశారంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకొకటి. కార్డు పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉంటుంది, లైనక్స్‌లో అది పూర్తిగా పనిచేయదు. ఏఎండీ వాళ్ళు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో పెడతామని రాసుకొస్తే, ఆ ప్రమాణాలు నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024 ఫిబ్రవరిలో కుదరదు పొమ్మంది. కాబట్టి మీకు దక్కేది హెచ్‌డీఎంఐ 2.0 స్థాయే. సినిమాలకు 4కే 60 చాలు కనుక పెద్ద నష్టమేం లేదు, కానీ పెట్టె మీది అక్షరాలు చూసి డబ్బులివ్వకండి.

"గుచ్చితే అయిపోతుంది" అన్నది కూడా డిస్ట్రోను (ఏ రకం లైనక్స్ అన్నదాన్ని) బట్టి ఉంటుంది. పేటెంట్ల భయంతో ఫెడోరా వాళ్ళు 2022లో మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్ల మూట) నుంచి హెచ్.264, హెచ్‌ఈవీసీ అనే వీడియో రకాలను తీసేశారు. మా తమ్ముడు ఆ సంగతి తెలియక ఏఎండీ కార్డు పాడైపోయిందనుకుని వారం రోజులు తల పట్టుకున్నాడు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి సైటు నుంచి ఫ్రీవరల్డ్ ప్యాకేజీ వేస్తే క్షణంలో తేరుకుంది.

నా ఓటు ఏ310కి. స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తుంది, ఏవీ1 చదువుతుంది, రాస్తుంది కూడా.

ఓపెన్_ఓరుగల్లు (శనివారం, రాత్రి 11:21)

ఆర్క్ తెచ్చి ఆరో తరం బోర్డులో పెడతవా? రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీనంతా ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఎక్కడిది దాంట్ల?

ఆవకాయ_64బిట్ (శనివారం, రాత్రి 11:24)

అది ఆటలకండీ. వీడియో చూడ్డానికి దాని అవసరం లేదు.

పాత_డబ్బా (శనివారం, రాత్రి 11:50)

మీరిద్దరూ కాసేపు ఆగితే అబ్బాయిని రెండు మాటలు అడుగుతాను.

బాబూ, కార్డు సంగతి తర్వాత చూద్దాం. పెళ్ళి వీడియో ఆడుతుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఓ' (O) అక్షరం నొక్కు. తెర మీద సమాచారం వస్తుంది. అందులో వీడియో డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ (గ్రాఫిక్స్ చిప్ చదువుతోంది) అని ఉందా, ఎస్‌డబ్ల్యూ (ప్రాసెసరే మోస్తోంది) అని ఉందా? సప్తగిరి పెట్టి మళ్ళీ నొక్కు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) ఎంత ఉన్నాయో చూడు. టీవీకి పోయే వైరు డబ్బాలో ఏ పోర్టుకు పెట్టావో కూడా చెప్పు.

నేను మిత్‌టీవీ రోజుల నుంచి ఈ పిచ్చిలో ఉన్నవాణ్ణి. 2002లో అది మొదలైన కొత్తల్లో అనలాగ్ ట్యూనర్ కార్డు పెట్టి, కేబుల్ టీవీ రికార్డు చేసుకుని మురిసిపోయాం. 2008లో ఎన్విడియా, వీడియో పనిని కార్డుకు అప్పగించే వీడీపీఏయూ తెచ్చింది. అప్పట్లో లైనక్స్‌లో హెచ్‌డీ వీడియో సాఫీగా నడవాలంటే అదొక్కటే దారి, పైగా దాని డీఇంటర్లేసింగ్ (టీవీ పంపే సగం సగం గీతలను నిండు బొమ్మ చేయడం) బ్రహ్మాండంగా ఉండేది. అందుకే ఇప్పటికీ వెతికితే పాత పేజీలన్నీ "ఎన్విడియా కొనండి" అంటాయి. ఆ పేజీలు రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, కాలం మారింది. అలాంటి పనే చేసే ఇంటెల్ వాళ్ళ వీఏ-ఏపీఐ ఇప్పుడు ఇంటెల్‌కూ ఏఎండీకీ ఉమ్మడి. కోడి కోసమే చేసిన లిబ్రెఎలెక్ లైనక్స్ కూడా 11వ వెర్షన్ నుంచి మామూలు ఇమేజ్‌ను ఇంటెల్, ఏఎండీలకే ఉంచి, ఎన్విడియాను లెగసీ అని పక్క గదిలో కూర్చోబెట్టింది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే వీడియో) ఆ పక్క గదికి రాదు.

ముందు ఓ నొక్కి చూసి చెప్పు.

కొత్త_కుండ (ఆదివారం, ఉదయం 7:05)

అసలు కార్డెందుకన్నా? అదే 10,000కు ఇంకొంచెం వేసుకుంటే ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ వస్తుంది. చిప్ 6 వాట్లది. హెచ్‌ఈవీసీ 10 బిట్, ఏవీ1 అన్నీ చదువుతుంది. పాత డబ్బా అమ్మేయ్. (పాత_డబ్బా గారూ, మిమ్మల్ని కాదు.)

పాత_డబ్బా (ఆదివారం, ఉదయం 7:30)

నన్ను కూడా కొనేవాళ్ళుంటే అమ్ముడుపోవడానికి సిద్ధమే. ఎన్100 మంచి మాటే. కొత్తగా మొదలుపెట్టేవాడికైతే నేనూ అదే చెబుతాను. ఇతని దగ్గర డబ్బా ఉంది కదా, అందుకని ఆగాను.

హిందూపురం_బస్సు (ఆదివారం, ఉదయం 10:10)

సార్, చూశాను.

పెళ్ళి వీడియో: ఎఫ్ఎఫ్-హెచ్‌ఈవీసీ, ఎస్‌డబ్ల్యూ.
సప్తగిరి: ఎంపెగ్2, డీఇంటర్లేస్ ఆన్.
డిస్‌ప్లే: 3840×2160, 30 హెర్ట్జ్. 60 అనే ఆప్షనే కనబడటం లేదు.
పోర్టు: హెచ్‌డీఎంఐ. పక్కన రెండు డిస్‌ప్లేపోర్టులు ఖాళీగా ఉన్నాయి.

పాత_డబ్బా (ఆదివారం, ఉదయం 10:45)

దొరికింది. మీ నాన్నగారి స్క్రోలింగ్‌కు కార్డుతో పని లేదు.

మన దూరదర్శన్ సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు పంపుతుంది. ఒక ఫీల్డులో సరి గీతలు, ఇంకో ఫీల్డులో బేసి గీతలు. డీఇంటర్లేస్ చేస్తే సెకనుకు 50 నిండు బొమ్మలవుతాయి. నీ డబ్బాలోని హెచ్‌డీఎంఐ 1.4 రకం, 4కేలో 30 హెర్ట్జ్‌కు మించి పంపలేదు. 50 బొమ్మలను 30 గళ్ళలో సర్దాలి. ఒక చోట ఒక బొమ్మ రాలిపోతుంది, ఇంకో చోట ఏదీ రాలదు. మనిషి కూర్చుని వార్తలు చదువుతుంటే అది తెలియదు. ఒకే వేగంతో జరిగే అక్షరాల్లో మాత్రం పట్టేస్తుంది. మీ నాన్నగారి కన్ను మంచిది.

ఇలా చెయ్యి. కోడిలో డిస్‌ప్లేను 1920×1080, 50 హెర్ట్జ్‌కు మార్చు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ అన్నదాన్ని ఆన్ స్టార్ట్/స్టాప్‌లో పెట్టు. వైట్‌లిస్ట్‌లో (వాడదగ్గ రేట్ల జాబితా) 1080పీకి 23.976, 24, 50, 60 టిక్ చెయ్యి. 1080ని 4కేగా సాగదీసే పని టీవీ చూసుకుంటుంది, ఆ పని దానికి బాగా వచ్చు. దూరదర్శన్ ఎస్‌డీ చానెల్‌ను డీఇంటర్లేస్ చేయడం ఐ5కు లెక్క కూడా కాదు, అందులో బీడబ్ల్యూడిఫ్ అనే పద్ధతి పెట్టుకో.

హిందూపురం_బస్సు (ఆదివారం, ఉదయం 11:20)

సార్!! నూనె మీద జారినట్టు పోతోంది. నాన్నను పిలిచి చూపిస్తే ఐదు నిమిషాలు నిలబడి స్క్రోలింగ్ మాత్రమే చదివాడు, వార్తలు వినలేదు. "ఇప్పుడు కూసింది" అని భోజనానికి పోయినాడు.

ఒక్క రూపాయి ఖర్చు లేదు. మరి పెళ్ళి వీడియో?

మైలాపూర్_మావయ్య (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఎస్పీ రోడ్డుకైనా మా చెన్నైలో రిచీ స్ట్రీట్‌కైనా వెళ్తే సెకండ్ హ్యాండ్ కార్డు విషయంలో జాగ్రత్త అబ్బాయ్. రిచీ స్ట్రీట్‌లో ఒక సందులో చిన్న కొట్టు (పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడక్కడ ఛార్జర్లు అమ్ముతున్నారు) నాకు జీటీఎక్స్ 1050 టీఐ అని ఒకటి అంటగట్టింది. పెట్టె, స్టిక్కరు అన్నీ పక్కాగా ఉన్నాయి. ఇంటికొచ్చి లైనక్స్‌లో బూట్ చేస్తే నౌవో డ్రైవర్ లాగ్‌లో చిప్ పేరు జీఎఫ్116 అని రాసింది. అంటే ఫెర్మి కాలపు ముసలి చిప్. బయాస్ మార్చి కొత్త పేరు పెట్టారన్నమాట. బయాస్ ఏ పేరు చెప్పినా నౌవో చిప్‌ను నేరుగా అడిగి పేరు రాస్తుంది, అలా దొరికిపోయింది. వెనక్కి తీసుకెళ్తే "నిన్న వచ్చి ఉండాల్సింది సార్" అన్నాడు. కొన్నది నిన్న సాయంత్రమే!

పెన్‌డ్రైవ్‌లో లైవ్ లైనక్స్ వేసుకుని వెళ్ళు. అక్కడే బూట్ చేసి చూపించమను. ఒప్పుకోకపోతే పక్క కొట్టుకు పో.

ఆవకాయ_64బిట్ (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

పెళ్ళి వీడియో ఫైలును మీడియాఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో తెరిచి క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్ ఏమున్నాయో చెప్పండి. నాకొక అనుమానం.

హిందూపురం_బస్సు (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

క్రోమా 4:2:2, బిట్ డెప్త్ 10. బిట్ రేటు 100 మెగాబిట్ల పైనే ఉంది. ఫొటోగ్రాఫర్‌ను "క్వాలిటీ తగ్గకుండా ఇవ్వన్నా" అని బతిమాలి తీసుకున్నాను. ఎడిటింగ్ అయ్యాక అదే రకంలో ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చినట్టున్నాడు.

ఆవకాయ_64బిట్ (ఆదివారం, మధ్యాహ్నం 2:50)

అనుకున్నంతా అయింది. క్వాలిటీ ఎక్కువై వచ్చిన తంటా ఇది.

బొమ్మలో వెలుగు ఒక లెక్కన, రంగు ఒక లెక్కన నిల్వ ఉంటాయి. మనం చూసే సినిమాలు, టీవీ, డిస్కులు అన్నీ 4:2:0, అంటే నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు విలువ. 4:2:2లో రెండు చుక్కలకు ఒకటి. అది ఎడిటింగ్ చేసేవాళ్ళ కోసం. చాలా కార్డుల వీడియో డీకోడర్లకు హెచ్‌ఈవీసీ 4:2:2 రాదు. జీటీ 1030కి రాదు, ఆర్ఎక్స్ 6400కీ రాదు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే వచ్చింది. ఇంటెల్ మాత్రం ఇందులో ముందునుంచీ ఉంది, ఆర్క్ ఏ310 చదువుతుంది.

అంటే రేపు మీరు 6400 తెచ్చి పెట్టి ఉంటే, కార్డు డబ్బులు పోయి, పెళ్ళి వీడియో మాత్రం ఇలాగే ఆగి ఆగి నడిచేది.

ఓపెన్_ఓరుగల్లు (ఆదివారం, మధ్యాహ్నం 3:02)

ఇది నాకు తెల్వదు. ఒప్పుకుంటున్న. 6400 వద్దు.

కొత్త_కుండ (ఆదివారం, మధ్యాహ్నం 3:10)

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఓరుగల్లు అన్న ఒప్పుకున్న రోజు.

పాత_డబ్బా (ఆదివారం, సాయంత్రం 4:15)

ఏ310 కొంటే తప్పు లేదు. కానీ ఒక్క ఫైలు కోసం కార్డు కొనడమంటే నిమ్మకాయ కోసం తోట కొన్నట్టు. ఆ ఫైలునే మార్చెయ్యి.

అసలు ఫైలును తీసి రెండు చోట్ల భద్రంగా దాచు. అది చెరగకూడదు. ఇంకో ప్రతిని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో 8 బిట్, 4:2:0 హెచ్‌ఈవీసీగా మార్చు. ఎడిటింగ్ అయిపోయిన మామూలు ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ కాని) వీడియోనే కదా, 8 బిట్లు చాలు. 10 బిట్ పెట్టకు. నీ స్కైలేక్ (ఆరో తరం) గ్రాఫిక్స్ లైనక్స్‌లో 8 బిట్ హెచ్‌ఈవీసీ హార్డ్‌వేర్‌తో చదువుతుంది, 10 బిట్ చదవదు. అది కేబీ లేక్, అంటే ఏడో తరం నుంచి వచ్చింది. రాయడం కూడా ఆ గ్రాఫిక్సే చేస్తుంది, హెచ్‌ఈవీసీ-వీఏఏపీఐ ఎన్‌కోడర్ పెట్టు. ఉబుంటులో ఇంటెల్ మీడియా డ్రైవర్‌కు నాన్-ఫ్రీ (పూర్తిగా ఓపెన్ సోర్స్ కాని) ప్యాకేజీ వేయాల్సి రావచ్చు. ఓరుగల్లు గారు కళ్ళు మూసుకోవాలి.

రాత్రి పడుకునే ముందు పెట్టు, పొద్దున లేచి చూసుకో.

ఇక 60 హెర్ట్జ్ సంగతి. ఖాళీగా ఉన్న డిస్‌ప్లేపోర్టుకు డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే యాక్టివ్ అడాప్టర్ పెడితే 4కే 60 వస్తుంది, శబ్దం కూడా దాంట్లోంచే పోతుంది. యాక్టివ్ అన్న మాట గట్టిగా పట్టుకో. పాసివ్‌ది మళ్ళీ 30 దగ్గరే ఆపేస్తుంది. చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి.

మైలాపూర్_మావయ్య (ఆదివారం, సాయంత్రం 4:40)

సౌండ్‌బార్ టీవీకి ఏఆర్‌సీతో (టీవీ నుంచి శబ్దం వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ దారి) కలిపి ఉంటే, డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే పాస్‌త్రూ కోసం వేళ్ళు విరుచుకోవద్దు. మామూలు ఏఆర్‌సీలో అది పట్టదు, ఈ-ఏఆర్‌సీ ఉండాలి. డాల్బీ డిజిటల్ ప్లస్ వరకే టిక్ పెట్టి వదిలెయ్.

హిందూపురం_బస్సు (సోమవారం, రాత్రి 9:30)

ఈ రోజు కథ.

రాత్రి పెట్టిన కన్వర్షన్ పొద్దున కాఫీ వేళకు అయిపోయింది. ఓ నొక్కితే హెచ్‌డబ్ల్యూ అని వచ్చింది. సీపీయూ నిద్రపోతోంది, ఫ్యాన్ శబ్దమే లేదు. నలుగు పెట్టడం నుంచి అప్పగింతల దాకా ఎక్కడా ఆగలేదు. అమ్మ అప్పగింతల దగ్గర మళ్ళీ ఏడ్చింది. ఇన్నాళ్ళూ అక్కడ బొమ్మ ఆగిపోయేసరికి ఏడవడానికి వీలు కాలేదట.

చిక్‌పేట మెట్రోలో దిగి ఎస్పీ రోడ్డుకు నడిచాను. మొదటి కొట్టులో అడాప్టర్ అడిగితే, అది వద్దు అని జీటీ 710 చేతిలో పెట్టి "ఫోర్‌కే సార్, ఫుల్ ఫోర్‌కే" అన్నాడు. అది హెచ్‌ఈవీసీ చదువుతుందా అంటే నా వైపు ఒకసారి చూసి ఫోన్ ఎత్తుకున్నాడు. రెండో చోట యాక్టివ్ అని అడిగితే "ఎల్లా ఒందే సార్" (అన్నీ ఒకటే) అన్నాడు. మూడో కొట్టులో ఒక పెద్దాయన, మాట వింటే కుప్పం వైపు మనిషిలా ఉన్నాడు, పెట్టె తిప్పి 4కే 60 అని రాసింది చూపించి, పనిచేయకపోతే బుధవారం లోపు తెచ్చివ్వమన్నాడు. పనిచేసింది. ఇప్పుడు 3840×2160, 60 హెర్ట్జ్. స్క్రోలింగ్ కోసం 50 కూడా వైట్‌లిస్ట్‌లో పెట్టాను.

ఆవకాయ_64బిట్ (సోమవారం, రాత్రి 9:50)

చాలా సంతోషమండీ. ముందుముందు బావగారి ఫోన్లో తీసిన 10 బిట్ హెచ్‌డీఆర్ వీడియోలు, ఏవీ1 ఫైళ్ళు వస్తే మాత్రం ఏ310 గుర్తు పెట్టుకోండి. బయాస్‌లో ఏఎస్‌పీఎం (కరెంటు ఆదా సెట్టింగ్) ఆన్ చేయడం మరచిపోవద్దు, లేకపోతే ఖాళీగా ఉన్నప్పుడు కూడా కరెంటు తాగుతుంది. నా ఏ310 ఫ్యాన్ ఊరికే లేచి పడుతుంటుంది, దాన్ని టీవీ వెనక్కి నెట్టి బతుకుతున్నాను.

కొత్త_కుండ (సోమవారం, రాత్రి 10:05)

దీంట్లో ఓటీటీలు 4కేలో వస్తాయా అన్నా?

పాత_డబ్బా (సోమవారం, రాత్రి 10:12)

రావు. లైనక్స్ బ్రౌజర్‌కు వైడ్‌వైన్ (ఓటీటీల కాపీ రక్షణ) ఎల్1 ఇవ్వరు, కింది స్థాయి ఎల్3తో సరిపెట్టుకోవాలి. ఏ కార్డు కొన్నా అంతే. ఓటీటీకి టీవీలో ఉన్న యాప్ వాడుకో.

కేఆర్‌పురం_కెవిన్‌కేర్ (మంగళవారం, ఉదయం 8:20)

త్రెడ్ మొత్తం చదివాను, భలే ఉంది. నాకూ కార్డు అక్కర్లేదన్నమాట! నాది ఐ5-4590, పెద్ద టవర్ డబ్బా. 4కే హెచ్‌ఈవీసీ సినిమాలు ఆగి ఆగి వస్తున్నాయి. ఇదే కిటుకు చేస్తే సరిపోతుందా?

పాత_డబ్బా (మంగళవారం, ఉదయం 8:45)

నీకు మాత్రం కార్డు తప్పదు నాయనా. నాలుగో తరం హాస్వెల్ గ్రాఫిక్స్‌కు హెచ్‌ఈవీసీ ఏ రూపంలోనూ రాదు, ఒక్కొక్క సినిమానూ మారుస్తూ కూర్చోలేవు. నీ ఫైళ్ళు సినిమాలే కాబట్టి 4:2:0 అయి ఉంటాయి. ఏవీ1 అవసరం లేకపోతే, అంత పాత బోర్డులో ఆర్క్‌తో కుస్తీ పట్టేకంటే 6400 పెట్టుకో.

ఓపెన్_ఓరుగల్లు (మంగళవారం, ఉదయం 8:47)

నేను మొదటి రోజే చెప్పిన.